సొంతూరికి తిరిగొచ్చే సినిమా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఊరొదిలి వెళ్లిన మనిషి మళ్లీ ఊరికొచ్చి తన బతుకేంటో తెలుసుకునే కథతో, నవ్వూ కన్నీరూ కలిపి చిన్న బడ్జెట్‌లో సినిమా తీద్దామని నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి ఈసారి చాలామంది రాశారు. ఒకే రకం సందేహాలున్న ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న (కావలి): హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిన కుర్రాడు కావలి దగ్గర సొంతూరికి వచ్చి, నెల రోజుల్లో తనని తాను తెలుసుకుంటాడు. స్క్రిప్టు 140 పేజీలైంది. చదివినవాళ్లు సీన్లు బాగున్నాయంటూనే కథ కదలట్లేదంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తనని తాను తెలుసుకోవడం కెమెరాకు కనపడదు. పని కనపడుతుంది. మీ హీరోకి ఊళ్లో ఒక పని అప్పగించండి. దానికి గడువుండాలి. అది చెడితే అతనితో పాటు ఇంకెవరో నష్టపోవాలి.

మీ చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నాయి కాబట్టి ఆ ఉదాహరణే తీసుకుందాం. నాన్న ఆస్పత్రిలో పడ్డాడు. చెరువులో పంట 90 రోజులు దాటింది. కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, ప్రస్తుతం 60. పట్టేస్తే ఒక రేటు. ఇంకో పదిహేను రోజులు మేత వేసి 50 కౌంటుకు తెస్తే మెరుగైన రేటు. ఈలోగా వైట్ స్పాట్ అనే వైరస్ రోగం తగిలితే పెట్టుబడి మొత్తం పోతుంది. పట్టాలా, ఆగాలా? నిర్ణయం తీసుకోవాల్సింది చెరువు గట్టు మీద చెప్పుల్లేకుండా నడవడం కూడా మర్చిపోయిన కొడుకు. మీ సెకండాఫ్ ఇక్కడే ఉంది.

ఇందులోంచి సీన్లు వాటంతటవే పుడతాయి. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గిందంటే రొయ్యకు కష్టం మొదలైనట్టే, ఇంకా దిగితే పైకి తేలుతుంది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయి, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. జనరేటర్ వేయాలి. హ్యాండిల్ ఎటు తిప్పాలో హీరోకి తెలీదు, కాపలా ముసలాయనకు తెలుసుగానీ తిప్పే బలం లేదు. ఒకరు చెబుతుంటే ఒకరు తిప్పాలి. నవ్వు, భయం, ఇన్నేళ్లు నాన్న ఒక్కడే ఏం మోశాడన్నది, మూడూ ఆ సీన్లో ఉన్నాయి. ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

ఇక పేజీల సంగతి. గంటా యాభై నిమిషాల సినిమాకు 100 పేజీలు చాలు. ప్రతి సీనుకూ ఒక అట్టముక్క తీసుకుని మూడు సంగతులు రాయండి: హీరో ఇక్కడ ఏం సాధించాలనుకుంటున్నాడు, అడ్డుపడేదెవరు, సీను అయ్యాక ఏం మారింది. మూడోది ఖాళీగా మిగిలిన సీన్లను పక్క సీన్లో కలిపేయండి, కలవకపోతే తీసేయండి. పాత స్కూలు, చిన్ననాటి చెట్టు, తొలిప్రేమ అంటూ జ్ఞాపకాల సీన్లు ఇలాంటి స్క్రిప్టుల్లో గుంపుగా వస్తాయి. వాటిలో ఒక్కటే ఉంచండి, అదీ పనికి అడ్డొచ్చేదై ఉండాలి.

ప్రశ్న (కనిగిరి): నాయన చనిపోతే కొడుకు ఊరికి రావడంతో మా కథ మొదలవుతుంది. కామెడీ పెడితే టీవీ స్కిట్‌లా ఉంది. తీసేస్తే బరువైపోతోంది. రెండూ ఎలా కుదురుతాయి?

జవాబు: జోకులు తీసేసి లెక్కలు పెట్టండి. చావింట్లో ఏడుపు ఒక పక్కన సాగుతుంటే ఇంకో పక్కన లెక్కలు తప్పవు. ఫ్రీజర్ బాక్సు అద్దె, వంటవాళ్ల కూలి, షామియానా, కుర్చీలు.

ఉదాహరణకు పెద్దకర్మ మర్నాడు పొద్దున. షామియానా ఆయన 200 కుర్చీలు వేశాడు, తిరిగి లెక్కపెడితే 197 ఉన్నాయి. చనిపోయినాయన ఇతనికి ప్రాణస్నేహితుడు. అద్దె డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి తీసుకున్నాడు. కానీ మూడు కుర్చీలు దొరికేదాకా కదలడు. అదే సమయానికి ఆలస్యంగా దిగిన మేనత్త కొడుకును పట్టుకుని ఏడుస్తోంది. కొడుకు ఆమెను ఓదారుస్తూనే, ఆమె కూర్చున్నది నూటతొంభై ఎనిమిదో కుర్చీ అని గమనిస్తాడు.

దీన్ని తీసే పద్ధతిలోనే అంతా ఉంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 35 ఎంఎం లెన్సు, ఛాతీ ఎత్తులో ట్రైపాడ్. ముందు అరుగు మీద మేనత్త, వెనక వాకిట్లో కుర్చీల దొంతర, రెండూ ఒకే ఫ్రేములో. మొదటి 40 సెకన్లు కట్ చేయొద్దు. కుర్చీల మీదకు క్లోజప్ వేశారంటే ఇక్కడ నవ్వమని ప్రేక్షకుడి భుజం తట్టినట్టే, అప్పుడతను నవ్వడు. కామెడీ బాజా అసలొద్దు. షామియానా ఆయన పాత్రధారికి నిజంగానే 197 కుర్చీలు ఇచ్చి లెక్కపెట్టమనండి. నటన ఆపి వెతుకుతాడు, మనకు కావలసింది అదే. మేనత్తకు మాత్రం కుర్చీల సంగతి చెప్పొద్దు.

మా గట్టి అభిప్రాయం ఒకటి చెబుతాం. ఊరివాళ్ల అమాయకత్వాన్ని చూసి నవ్వించే సీను ఒక్కటున్నా సినిమా నమ్మకం పోగొట్టుకుంటుంది. ఇలాంటి కథలో తడబడాల్సింది తిరిగొచ్చినవాడు. ఊరు తన పని తాను తెలిసే చేస్తోంది.

ప్రశ్న (నెల్లూరు): మా హీరోగా చేసేది విజయవాడ అబ్బాయి. కథలో ఎనిమిదేళ్ల తర్వాత ఊరికొస్తాడు. నెల్లూరు యాస ఎలా నేర్పించాలి?

జవాబు: "వస్తున్నా" బదులు "వస్తుండా" అని, "ఎక్కడికి వెళ్తున్నావ్" బదులు "యాడికి బోతుండావబ్బయా" అని కాగితం మీద మార్చడం ఒక రోజు పని. మాట చివర లాగే తీరు పట్టుబడటానికి కనీసం పది రోజులు, రోజుకు రెండు గంటలు కావాలి. మీ ఊళ్లో పెద్దవాళ్ల పిచ్చాపాటీని వాళ్ల అనుమతితో ఫోన్లో రికార్డు చేయండి. హీరోకి స్క్రిప్టు ఇవ్వకుండా ఆ మాటలే విని అప్పజెప్పమనండి. డైలాగులతో మొదలుపెడితే యాస వినోదంలా తేలుతుంది.

అందరికీ ఒకే మోతాదు వేయకండి. ఎనిమిదేళ్లు బయట ఉన్నవాడు మొదట్లో పట్నం తెలుగే మాట్లాడతాడు. కోపంలోనో కంగారులోనో "ఉండా" జారుతుంది. చివరికొచ్చేసరికి అదే సహజమవుతుంది. ఈ మార్పును ఏ పాత్రా పైకి అనకూడదు. షూటింగ్ వరస తప్పి జరుగుతుంది కాబట్టి ప్రతి సీను పక్కనా యాస మోతాదు 0, 1, 2 అని ఎర్రపెన్నుతో వేసుకోండి. దాన్ని చూసుకునే బాధ్యత కంటిన్యూటీ చూసేవారికి అప్పగించండి. లేకపోతే ఎడిటింగులో ఒకే మనిషి ఇద్దరిలా వినపడతాడు. ఒంగోలు, కనిగిరి వైపు పాత్రలుంటే వాళ్లకు నెల్లూరు లాగుడు అంటించొద్దు. తాతను, పెదనాన్నను ఏమని పిలుస్తారన్నది ఇంటింటికీ మారుతుంది. మీరు షూట్ చేసే ఇంటివాళ్లనే అడగండి.

ప్రశ్న (కొత్తపట్నం): మాది తండ్రీకొడుకుల కథ. సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసే పద్ధతిలో తీద్దామనుకుంటున్నాం. డబ్బింగే చౌక అని అందరూ ఆపుతున్నారు. నటుల్లో సగం మంది ఊరివాళ్లే. లొకేషన్లు ఇల్లు, బీచ్, రొయ్యల చెరువు, మూడూ ఉన్నాయి.

జవాబు: అలవాటున్న నటులైతే డబ్బింగ్ చౌకే. మీ పాత్రధారుల్లో సగం మంది ఊరివాళ్లు. చీకటి గదిలో తమ పెదవులు చూసుకుంటూ మాట కలపడం వాళ్లవల్ల కాదు. స్టూడియో గంటలు పెరుగుతాయి, గొంతులో జీవం పోతుంది. సింక్ సౌండే తీయండి.

కావలసినవి: ఒక షాట్‌గన్ మైకు (ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైకు), దాన్ని నటుల తలపైన పట్టుకునే బూమ్ కర్ర, రెండు వైర్‌లెస్ లేపల్ మైకులు (బట్టలకు తగిలించే చిన్న మైకులు), కనీసం నాలుగు ఛానళ్ల రికార్డరు, మనుషులు ఇద్దరు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, మామూలు మాటల్లో పెద్ద శబ్దం మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. 32 బిట్ ఫ్లోట్ రికార్డరు దొరికితే లెవెల్ భయం తీరుతుంది. మైకు దూరమైతే మాత్రం అదీ కాపాడలేదు. బూమ్ మైకు ఫ్రేముకు ఆనీ ఆనకుండా, తలపైన అడుగున్నర ఎత్తులో, ఛాతీ వైపు చూస్తుండాలి.

ఇంట్లో: శ్లాబు, టైల్సు ఉన్న చిన్న గదిలో షాట్‌గన్ మైకు డబ్బాలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. కెమెరా వెనక గోడలకు బొంతలు వేలాడదీసి, లేపల్ మీద ఆధారపడండి. ఫ్యాను, ఫ్రిజ్, బోరు మోటారు ఆపించండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళంచెవి అందులో పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఇల్లు కదలలేరు. సిల్కు, సింథటిక్ చీరలు గరగరమంటాయి, నూలు చీరలు ఎంచుకోండి. లేపల్‌ను మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపుతో పైట భుజం వైపు జరిపి అతికిస్తే మంగళసూత్రం తగలదు. గాజుల చప్పుడు సీనుకు అవసరమా కాదా అన్నది ముందే తేల్చుకోండి, తర్వాత తుడిచేయడం కుదరదు.

బీచ్‌లో: గాలి మధ్యాహ్నానికి పెరుగుతుంది కాబట్టి పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. నురుగు టోపీ చాలదు, బ్లింప్ (మైకును గాలి నుంచి కాపాడే గొట్టం) మీద బొచ్చు తొడుగు ఉండాలి. లోతైన గాలి మోతను తగ్గించే లో కట్‌ను 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. బూమ్ పట్టుకున్న మనిషి సముద్రానికి వీపు పెట్టి, మైకును ఒడ్డు వైపు తిప్పితే అలల హోరు తగ్గుతుంది. అలా చేస్తే వెనక సముద్రం కనపడదు. అందుకని సముద్రం కనపడే దూరపు షాట్లకు లేపల్, దగ్గరి షాట్లకు బూమ్. ఒట్టి అలల శబ్దం మూడు నిమిషాలు విడిగా రికార్డు చేసి, సీనంతా అడుగున పరవండి. అది లేకపోతే ప్రతి కట్‌కూ అల ఒకటి సగంలో తెగిపోతుంది. ప్రతి లొకేషన్‌లోనూ అందరినీ నిలబెట్టి ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోండి, అతుకులన్నీ దాంతోనే కలుస్తాయి.

చెరువు దగ్గర ఏరియేటర్ల మోత ఎక్కువ. టేక్ కోసం వాటిని ఆపమని రాత్రిపూట గానీ తెల్లవారుజామున గానీ అడగొద్దు, పైన చెప్పిన ఆక్సిజన్ కారణం వల్ల ఒక రైతు పంట పోవచ్చు. మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం ఆక్సిజన్ ఎక్కువగా ఉంటుంది. అప్పుడైనా రైతు ఒప్పుకుంటేనే, ఆయన ఎంతసేపంటే అంతసేపే. ఇంకా మంచిది, సంభాషణను ఆ మోత మీద అరుచుకునేలా రాసుకోవడం. తండ్రీకొడుకులు చెప్పుకోలేని మాటను అరిచి చెప్పాల్సి రావడం మీ కథకు మేలే చేస్తుంది.

ప్రశ్న (ఒంగోలు): 100 పేజీల స్క్రిప్టు, 22 మంది యూనిట్, కొత్త నటులు, సింక్ సౌండ్. 18 రోజుల షెడ్యూలు వేసుకున్నాం. ఏ నెలల్లో తీయాలి?

జవాబు: ముందు లెక్క చూడండి. 100 పేజీలు 18 రోజుల్లో అంటే రోజుకు ఐదున్నర. సింక్ సౌండ్‌తో, కొత్త నటులతో నాలుగు దాటడం కష్టం. 25 రోజులు పెట్టుకోండి, లేదా స్క్రిప్టు 72 పేజీలకు కుదించండి. 22 మంది యూనిట్‌కు తిండికి మనిషికి 300 చొప్పున 25 రోజులకు 1,65,000 అవుతుంది. అందులో కోత పెడితే నాలుగో రోజుకల్లా పని నెమ్మదిస్తుంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. నెల్లూరు వైపు వానలు ఎక్కువగా పడేది అప్పుడే. ఏప్రిల్, మే ఎండలకు మిర్రర్‌లెస్ కెమెరాలు కొన్ని 4కే రికార్డింగ్‌లో వేడెక్కి ఆగిపోతాయి. తప్పనిసరైతే గొడుగు, తెల్లటి తడి గుడ్డ నీడ, స్క్రీను బయటికి తెరిచి ఉంచడం కొంత సాయపడతాయి. జనవరి చివర, ఫిబ్రవరి మంచిది. పెన్నా ఆయకట్టులో నాట్లు ఎక్కువగా నవంబర్, డిసెంబర్‌లో పడతాయి కాబట్టి ఫిబ్రవరిలో వరి నిండు పచ్చగా ఉంటుంది, మార్చి, ఏప్రిల్‌కు కోతకొస్తుంది. మీ ఒంగోలు వైపు పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) నడిచే రోజులూ దాదాపు అవే. ఒకే పొలంలో జరిగే సీన్లన్నీ ఒకే వారంలో ముగించండి. మూడు వారాల తేడాతో తీస్తే చేను రంగు మారి, కథలో ఒక్క రోజు నెల రోజులైపోతుంది.

పొద్దున ఆరుంబావు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం పావు తక్కువ నాలుగు నుంచి ఆరు దాకా బయటి సీన్లు. నడినెత్తిన ఎండ ఉంటే కళ్లు గుంటల్లా కనపడతాయి, ఆ వేళ ఇంట్లో సీన్లు తీసుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి 24 ఫ్రేములకు షట్టర్ 1/50 పెట్టండి. 1/60 పెడితే ట్యూబ్‌లైట్లు మినుకుమంటాయి. చవక ఎల్ఈడీ బల్బులు కొన్ని ఏం పెట్టినా మినుకుతాయి. ముందురోజే ఒక నిమిషం తీసి చూసి మార్చేయండి. సున్నం గోడల ముందు ఎక్స్‌పోజర్ ముఖానికి చూసుకోండి, గోడను నమ్మితే మనిషి నల్లబడతాడు.

ప్రశ్న (బుచ్చిరెడ్డిపాళెం): నెల్లూరు రొట్టెల పండుగలో ఒక కీలక సీను పెట్టుకున్నాం. ఆ జనంలో తీయగలమా?

జవాబు: తీయగలరు, రెండు మెట్లలో. పండుగ మొహర్రంతో ముడిపడింది కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. తప్పిపోయిన షాటుకు మళ్లీ ఏడాది ఆగాలి. పోలీసు, నగరపాలక సంస్థ, దర్గా నిర్వాహకుల అనుమతులు నెలన్నర ముందే రాతపూర్వకంగా అడగండి. లోపలికి ఇద్దరు నటులు, కెమెరా ఒకరు, సౌండ్ ఒకరు, దారి చూసేవారు ఒకరు, అంతే. ట్రైపాడ్, లైట్లు వద్దు. బారా షహీద్ దర్గా, స్వర్ణాల చెరువు గట్టు, జనప్రవాహం, ఈ దూరపు షాట్లన్నీ పండుగలో తీయండి. సంభాషణ ఉన్న దగ్గరి షాట్లు తర్వాత ఇంకో చెరువు దగ్గర, అవే బట్టలతో, అదే వేళ వెలుగులో, ఓ ముప్పై మందితో తీయండి. పండుగ శబ్దం పది నిమిషాలు విడిగా పట్టుకుంటే రెండూ అతుక్కుంటాయి. తడిబట్టలతో ఉన్న ఆడవాళ్ల మీదకు కెమెరా తిప్పొద్దు. ముఖం గుర్తుపట్టేలా పడినవారి దగ్గర సంతకం తీసుకోండి.

మీ కథకు ఆ ఆచారంలోనే బలం ఉంది. కోరిక ఉన్నవాళ్లు ఆ పేరుగల రొట్టె తీసుకుంటారు. అది తీరినవాళ్లు తర్వాత వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. ఉద్యోగం రొట్టె, విదేశీ రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె. విదేశీ రొట్టె తీసుకుని వెళ్లి, వీసా పోగొట్టుకుని తిరిగొచ్చినవాడు ఇప్పుడు ఇచ్చే వరసలో నిలబడాలా, తీసుకునే వరసలోనా? వాళ్లమ్మ ఒకటంటుంది, అతను ఒకటంటాడు. ఈ సీను దర్గా పవిత్రతను తాకకుండానే నవ్విస్తుంది, కలతపెడుతుంది.

ప్రశ్న (పొదిలి): చివర్లో హీరో ఊళ్లో ఉండిపోవాలా, వెళ్లిపోవాలా?

జవాబు: అప్పగించిన పని పూర్తయ్యాక అతను చేసే మొదటి పనిని చూపండి, అక్కడ ఆపండి. పైన చెప్పిన చెరువు కథలో హీరో వెళ్లేవాడైతే, వెళ్లేముందు జనరేటర్‌లో డీజిల్ నింపి వెళ్తాడు. బస్టాండ్ వీడ్కోలు, వెనక్కి తిరిగి చూడటం ప్రేక్షకుడు చాలా చూశాడు.

ప్రశ్న (నెల్లూరు): తండ్రి రేడియోలో పాత పాట వింటూ చుట్ట కాలుస్తాడు, పక్కన గిత్త కట్టేసి ఉంటుంది. హక్కుల ఇబ్బందులేమైనా ఉంటాయా?

జవాబు: ఆ ఒక్క షాటులో మూడున్నాయి. పాటకు రికార్డింగ్ హక్కు వేరు, సాహిత్యం, సంగీతం హక్కులు వేరు. రికార్డింగ్‌కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. సాహిత్యానికి కవి మరణం తర్వాత 60 ఏళ్లు. అప్పటి నెల్లూరు జిల్లా మట్టిలో పుట్టిన పాటల రచయిత ఆత్రేయ 1989లో కన్నుమూశారు, అంటే ఆయన మాటలకు 2049 చివరి దాకా హక్కులుంటాయి. నటుడు కూనిరాగం తీసినా ఇదే వర్తిస్తుంది. సొంతంగా ఒక పాట చేయించి రేడియో గొంతులా మార్చుకోవడం చౌక. చుట్ట ఉంటే సినిమా మొదట్లో, మధ్యలో పొగాకు హెచ్చరిక ప్రకటనలు, ఆ సీను సాగినంతసేపు కింద హెచ్చరిక వాక్యం తప్పవు. చుట్ట లేకుండా ఆ మనిషి కనపడతాడా అని ఒకసారి ఆలోచించండి. ఏ జంతువును నటింపజేసినా జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి, తర్వాత పెడితే కుదరదు. ఆ పత్రం లేకుండా సెన్సారు దగ్గర ఆగిపోతారు. థియేటర్‌కు సెన్సారు సర్టిఫికెట్ తప్పనిసరి. 2024 నిబంధనల ప్రకారం యూఏలో (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాల్సిన వర్గం) 7, 13, 16 ఏళ్ల మెట్లున్నాయి.

ప్రశ్న (కందుకూరు): ఫుటేజీ దాచడానికి ఎన్ని హార్డ్‌డిస్కులు కావాలి?

జవాబు: సెకనుకు 100 మెగాబిట్ల రికార్డింగ్ గంటకు 45 జీబీ తీసుకుంటుంది. రోజుకు మూడు గంటల ఫుటేజీ, 25 రోజులు అంటే సుమారు 3.4 టీబీ. సౌండ్ ఫైళ్లు కలుపుకుని 4 టీబీ డిస్కులు మూడు కొని, ఒక్కోదాంట్లో మొత్తం ఫుటేజీ ఉంచండి. రెండు యూనిట్ దగ్గర, ఒకటి ఇంకో ఇంట్లో. 240 మెగాబిట్లలో తీస్తే గంటకు 108 జీబీ, అప్పుడు రెట్టింపు దాటి కావాలి. ఫైళ్లను లాగి వదిలే కాపీ వద్దు, చెక్‌సమ్ (అసలు ఫైలు, కాపీ అచ్చం ఒకటేనా అని తేల్చే లెక్క) సరిచూసే సాఫ్ట్‌వేర్‌తో కాపీ చేయండి. కాపీ మధ్యలో కరెంటు పోతే సైజు సరిగానే చూపిస్తూ లోపల చెడిపోయిన ఫైళ్లు మిగులుతాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ సరిపోదు, విడిగా కరెంటుకు తగిలించే డిస్కులకూ యూపీఎస్ ఉండాలి. రెండు కాపీలు సరిచూసి, ప్రతి కార్డులోని చివరి క్లిప్పును తెరిచి చివరిదాకా నడిపించాకే కార్డు ఫార్మాట్ చేయండి. కాపీ అయిన కార్డుకు ఎర్ర టేపు, ఖాళీదానికి పచ్చ టేపు అతికించి, ఆ పని యూనిట్‌లో ఒక్కరి చేతిలోనే ఉంచండి.